చుట్టాల బిందె

నాకు నోరెక్కువని మా ఆఫీసులో అందరూ అంటారు. నిజమే, కాదనను. నీళ్ళకి నోరు లేదు, వాటి తరఫున ఎవరో ఒకరు అరవాలి కదా అని నేనే చెప్పుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. నీళ్ళు పరీక్ష చేయడం నా పని. నర్సీపట్నంలో ఒక పాత ఆఫీసు మేడమీద రెండు గదులే మా ల్యాబు. కింద ఇంజనీర్లుంటారు, పైన నేనూ నా సీసాలూ ఉంటాం. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా రెన్యూవల్ కాగితం వచ్చేదాకా గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది.

చుట్టుపక్కల మండలాల్లో ప్రతి ఊరి తాగునీటినీ ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి పరీక్ష చేయాలి. రూలు ప్రకారమైతే నేనే స్వయంగా ఊరెళ్ళి, జనం తాగే కుళాయి దగ్గర నిలబడి సీసా పట్టాలి. కానీ మా జీపు ఆఫీసు వెనక గోడకి ఆనుకుని ఎప్పుడో నిద్రపోయింది. దాని బానెట్ మీద పిల్లి పిల్లల్ని కూడా పెట్టింది. రిపేరుకి నిధులు అడిగితే వచ్చే ఏడాది అనేవారు. ఆ వచ్చే ఏడాది ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకని ఊళ్ళకే ఖాళీ సీసాలు పంపేసేవాళ్ళం. ప్రతి ఊళ్ళోనూ మహిళా సంఘం ఆడవాళ్ళు కొందరికి ట్రైనింగ్ ఇచ్చాం. వాళ్ళు సీసా నింపి, ఊరి పేరు రాసిన చీటీ అంటించి, బస్సు కండక్టరు చేతికో ఆటో అబ్బాయి చేతికో ఇస్తే మధ్యాహ్నానికి నా బల్ల మీదకి వచ్చేసేవి. ఇది తప్పని మా అందరికీ తెలుసు. కానీ ఏళ్ళ తరబడి చేసిన తప్పుని ఎవరూ తప్పనరు, పద్ధతి అంటారు.

మా పిన్నిది కొయ్యూరు వెళ్ళే దారిలో కొండ దిగువన ఒక చిన్న ఊరు. మా అమ్మ చెల్లెలు. మిషను వాళ్ళ కాలం నుంచీ ఆ ఊళ్ళో మావాళ్ళవి ఓ ముప్పై గడపలు, ఒక చర్చి, చర్చి ఆవరణలో ఒక రాతి కట్టు బావి. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిపాను. అప్పట్లో ఊరంతా ఆ బావి నీళ్ళే తాగేది. తర్వాత గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డున ప్రభుత్వం వాళ్ళు నుయ్యి తవ్వి, మోటారు పెట్టి, ట్యాంకు కట్టి, ఇంటింటికీ కుళాయి ఇచ్చారు. చర్చి బావి ఊరికి దూరం, అందులోనూ మిట్ట మీద ఉంది. గుమ్మంలో కుళాయి పెట్టుకుని మిట్టెక్కి ఎవరు తోడుకుంటారు? నీళ్ళ మీద బెంగ పోయిందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఊరి తరఫున సీసా నింపి పంపేది మా పిన్నే. ట్రైనింగుకి వచ్చిన రోజున అందరికంటే ముందు వరసలో కూర్చుంది, కొత్త చీర కట్టుకుని మరీ. నేను బోర్డు దగ్గర నిలబడి చెబుతుంటే పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, మా అక్క కూతురే అని చెప్పింది. నేను చూడనట్టు నటించాను. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, సీసా శుభ్రంగా ఉండాలి, శుభ్రంగా పట్టాలి, శుభ్రంగా మూత పెట్టాలి అని ఆ రోజు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే చెప్పాల్సిన ఒక్క ముక్కా చెప్పలేదని తెలుస్తోంది.

పిన్ని సీసా వచ్చిన రోజు నాకు పండగే. ఒక ఊరి సీసాలో ఎర్ర మన్ను, ఒక ఊరిదాంట్లో నాచు. పిన్ని సీసా మాత్రం అద్దంలా మెరిసేది. వానాకాలంలో కూడా బురద చాయ ఉండేది కాదు. అన్ని పరీక్షల్లోనూ పాసే. తాగడానికి యోగ్యం అని రాసి, కింద సంతకం చేసి, ఒక కాపీ ఊరికి పంపేదాన్ని. ఆ సీసాని కింద అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారికి కూడా చూపించి, మా పిన్ని ఊరండీ అని చెప్పుకునేదాన్ని. ఆయన టీచర్ల ఇంట్లో పుట్టినవాడు, మెచ్చుకున్నా తిట్టినా మార్కులేసినట్టే ఉంటుంది. బాగుందమ్మా అని తలాడించేవారు. ఒక ఏడాది మండలం మీటింగులో మంచి నీళ్ళున్న ఊరని చెప్పి పిన్నికి శాలువా కప్పారు. నేను ముందు వరసలో కూర్చుని చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ సీసాలో ఏదో తేడా ఉందని నా చేతులకి తెలుసు. కొండ మీంచి వచ్చే గెడ్డ నీళ్ళు తేలిగ్గా ఉంటాయి, సబ్బు రాస్తే బుసబుసా నురగొస్తుంది. పిన్ని సీసాలో నీళ్ళు మాత్రం గట్టి నీళ్ళు, బావి నీళ్ళ లెక్క. పైగా ఎండకీ వానకీ చలికీ అవే అంకెలు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఇసుమంతైనా తగలాలి, అదీ లేదు. వేరే ఊరి సీసా అయితే అప్పుడే ఫోన్ తీసి వాయించేసేదాన్ని. ఇది పిన్ని సీసా. పిన్ని శుభ్రం ఊరందరికీ తెలిసిందే, అందుకే నీళ్ళు అంత బాగున్నాయని సరిపెట్టుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇంత చిన్న విషయానికి అంత వెర్రి సమాధానం ఎలా చెప్పుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మధ్య తాగునీటి వనరుల్ని కాపాడడానికి రాష్ట్రం కొత్త నిబంధనలు తెచ్చింది. నూతుల పక్కన, గెడ్డల పక్కన మురుగు వదిలితే శిక్ష. పాడైన వనరుల్ని బాగుచేయడానికి నిధులు. కంచె, కొత్త పైపులు, వడబోత, క్లోరిన్ మిషను అన్నీ అందులోనే. ఏఈ గారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఆ కాగితాలన్నీ చదివి వినిపించారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది సంతోషంతో. ఇన్నాళ్ళకి నీళ్ళకి కూడా చట్టం వచ్చిందనుకున్నాను. అయితే నిధులు ఏ ఊరికి ఇవ్వాలన్నది ఎలా తేలుతుంది? అది ల్యాబు రిపోర్టులే తేలుస్తాయట. వరసగా మూడు కాలాల్లో నీళ్ళు చెడ్డవని తేలిన ఊళ్ళే లిస్టులోకి వెళ్తాయి. పాసైన ఊరికి పైసా రాదు. రూలు న్యాయంగానే ఉంది, నేనేమీ అనను. పాడు నీళ్ళు తాగేవాళ్ళకే కదా ముందు ఇవ్వాలి.

ఆ లిస్టు కింద ఆఫీసులో కూర్చుని టైపు చేసింది నేనే. పిన్ని ఊరి దగ్గరికి వచ్చేసరికి మూడు రిపోర్టులూ పాస్. ఊరి పేరు పక్కన అర్హత లేదు అని కొట్టి, హమ్మయ్య, మావాళ్ళకి ఆ గతి లేదు అనుకున్నాను. ఆ మాట మనసులో కాదు, పైకే అన్నాను. పక్క టేబుల్ అమ్మాయి నవ్వింది.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. పిన్ని కొడుకు వాడు, ఇళ్ళకి రంగులేసే పని. భార్యకి అప్పుడు ఏడో నెల. ఆమెకి కళ్ళు పచ్చబడ్డాయనీ, అన్నం చూస్తే వాంతి వస్తోందనీ, నాలుగు రోజుల నుంచీ పసరు మందు పోయిస్తున్నామనీ చెప్పాడు. కామెర్లకి మా వైపు అందరూ ముందు పసరుకే పరిగెడతారు. ఊళ్ళో ఇంకెవరికైనా ఉందా అని అడిగాను. ఉందక్కా, ఏడెనిమిది మందికి ఉంది అన్నాడు తేలిగ్గా. ఆ తేలిక నాకు నచ్చలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి కామెర్లు వస్తే తల్లీబిడ్డలిద్దరి ప్రాణం మీదకీ వస్తుందని మా ల్యాబు పుస్తకంలోనే ఉంది, చాలా కామెర్లకి కారణం మురుగు కలిసిన నీళ్ళని కూడా అందులోనే ఉంది. కానీ ఆ ఊరి నీళ్ళు మంచివే కదా, నేనే రాశాను కదా! ఫోన్ పెట్టేసి 108కి చేశాను, నేను బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి మరదలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొహం పసుపు రాసుకున్నట్టుంది. వదినా అని లేవబోయింది, లేవలేకపోయింది. మంచం పైన గోడకి చర్చి క్యాలెండరు, దాని పక్కన వరసగా నేను పంపిన రిపోర్టులు, అన్నం మెతుకులతో అంటించినవి. ఒక్కోదాని కిందా నా సంతకం. పిన్ని వాటి అంచులకి ఎర్ర రంగు కాగితం కూడా చుట్టింది. నాకు అప్పుడు గర్వం అనిపించలేదు, ఎందుకో చూపు తిప్పుకున్నాను.

అంబులెన్సు వేరే కేసు దించి వస్తూ కొండ మలుపుల్లో ఉందని చెప్పారు. మరదలు దాహం అంది. నేను వంటింట్లోకెళ్ళి గ్లాసు తీసి, గుమ్మం పక్కనున్న స్టీలు బిందెలో ముంచబోయాను. వెనకాలే వచ్చిన పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అది కాదమ్మా, అది మా బిందె. చుట్టాల బిందె ఆ మూలనుంది, దాంట్లో ముంచుకో."

మూలన ఇంకో బిందె ఉంది, దాని మీద తెల్లటి గుడ్డ, గుడ్డ మీద పళ్ళెం. నాకు అర్థం కాలేదు. నీళ్ళు నాక్కాదు, నీ కోడలికి అన్నాను. దానికైతే మా బిందెలోయే ఇయ్యి అంది పిన్ని. చుట్టాల బిందె ఏమిటని అడిగాను. పిన్ని నన్ను వింతగా చూసింది, ఇన్నేళ్ళూ తాగుతూ ఇదేం ప్రశ్న అన్నట్టు. వారానికి రెండుసార్లు మిట్టెక్కి చర్చి బావి నుంచి ఒక బిందె తెచ్చి ఉంచుతుందట. పాస్టరు గారొచ్చినా, పెళ్ళివారొచ్చినా, టీచరమ్మలొచ్చినా అవే నీళ్ళు ఇస్తుందట. నేను పెళ్ళై నర్సీపట్నం వెళ్ళిన దగ్గర నుంచి నాకూ అవే ఇస్తోందట. నేనెప్పుడు చుట్టాన్నైపోయానో నాకే తెలీదు.

"కుళాయి నీళ్ళు మనుసులకిత్తామేటి? వానొత్తే పసర వాసన, ఎండలకైతే అడుగున మడ్డి. మేం అలవాటు పడిపోయాం గాని."

గ్లాసు కింద పెట్టి, మరి సీసాలో ఏ నీళ్ళు పోసి పంపావు పిన్నీ అని అడిగాను. పిన్ని ఏమాత్రం తడుముకోలేదు.

"ఆఫీసోళ్ళకి మడ్డి నీళ్ళు పంపుతామేటి తల్లీ? అంతంత పెద్దోళ్ళు సూసే నీళ్ళు. మంచియ్యే పంపాను."

అన్నిసార్లూనా? అన్నిసార్లూను, ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదంది. మొదటిసారి మిట్టెక్కలేక పక్కింటామెను పంపితే, ఆమె సీసా కడగలేదని తిట్టి మళ్ళీ తనే వెళ్ళిందట. ఇది చెబుతున్నప్పుడు పిన్ని మొహంలో ఎంత వెలుగో.

నా నోరు పెద్దదని చెప్పాను కదా. ఆ నోరు ఆ క్షణంలో మూతపడిపోయింది. తిట్టడానికి ఒక్క మాట దొరికితే ఒట్టు. ఆమె అబద్ధం చెప్పలేదు. మోసం చెయ్యలేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఇంట్లో ఉన్న మంచి నీళ్ళు ఇవ్వాలని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పినదే ఆమె చేసింది. సర్కారు కూడా ఆమెకి చుట్టమే. మరి నేను? బోర్డు దగ్గర నిలబడి శుభ్రం, శుభ్రం అని జపం చేశాను గాని, మాకు మీ మంచి నీళ్ళు వద్దు, మీరు తాగే నీళ్ళే కావాలి అని ఒక్కసారి కూడా చెప్పలేదు. వాటిని అడగడం నాకు తట్టలేదు, ఇవ్వడం వాళ్ళకి మర్యాద కాదు.

మరదలికి చుట్టాల బిందెలోంచే ముంచి ఇచ్చాను. పిన్ని ఆశ్చర్యంగా చూసింది.

అంబులెన్సు వచ్చింది. మరదలితో పాటు తమ్ముడూ పిన్నీ ఎక్కారు. నర్సీపట్నం ఆసుపత్రిలో చూసి, వెంటనే విశాఖ పెద్దాసుపత్రికి పంపించేశారని తర్వాత తెలిసింది. నేను ఊళ్ళోనే ఉండిపోయాను. నా బ్యాగులో ఎప్పుడూ రెండు ఖాళీ సీసాలుంటాయి. ఒకటి పిన్ని గుమ్మంలో కుళాయి దగ్గర పట్టాను. ఇంకోటి గెడ్డ ఒడ్డున నూతి దగ్గర. ఆ నూతి దగ్గరికి అంతవరకూ నేను వెళ్ళిందే లేదు. నూతి పక్కనుంచే ఊరి మురుగు కాలవ గెడ్డలో కలుస్తోంది. వరదకి నూతి గోడ ఒక పక్క బీటలు వారింది. గేదెలు ఆ కాలవలోనే పడుకుని ఉన్నాయి. ఆ సాయంత్రం బస్సులో సీసాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవి సోడాలనుకుని, పేలతాయేమోనని పక్కాయన దూరం జరగమన్నాడు.

మురుగు ఉందో లేదో తేల్చడానికి మా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగున మందు కాగితం ఉన్న సీసాలో నీళ్ళు పోసి ఒక రోజు వెచ్చగా ఉంచాలి. మంచివైతే నీళ్ళ రంగు మారదు. మురుగు కలిస్తే నల్లబడుతుంది. మామూలుగా అయితే చిన్న చిన్న మచ్చలతో మొదలై మెల్లగా ముదురుతుంది. సోమవారం పొద్దున్నే పరీక్షకి పెట్టాను, మంగళవారం ఉదయం తలుపు తీసేసరికి రెండు సీసాలూ కాటుకలా ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత నలుపు నేను చూడలేదు. సీసా చేతిలోకి తీసుకుంటే నా చెయ్యి దానికి అంటుకుపోతుందేమో అనిపించింది.

అక్కడితో ఆగలేదు. పిన్ని ఒక్కర్తే ఇలా చేసి ఉండదన్న భయం పట్టుకుంది. నెంబర్లు తీసి, ట్రైనింగుకి వచ్చిన ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కోపంగా కాదు, కబుర్లు చెబుతున్నట్టే అడిగాను. ఒకామె బడి బోరు నీళ్ళు పంపేదట, అవి చల్లగా ఉంటాయని. ఇంకొకామె ఊరి పెద్ద ఇంట్లో ఫిల్టరు మిషను నీళ్ళు అడిగి తెచ్చి పోసేదట. మూడో ఆమె అయితే మరగబెట్టి, వడకట్టి, చల్లార్చి మరీ పంపేదట. మీరు తాగే నీళ్ళేమో తల్లీ, మీ ఒంటికి పడాలి కదా అంది! సీసాలో నీళ్ళు మేం తాగుతామనుకుంది. నేను ఫోన్ బల్ల మీద బోర్లించి తల పట్టుకున్నాను. ఇన్ని ఊళ్ళు మమ్మల్ని గౌరవించి లిస్టులోంచి తప్పుకున్నాయి. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఎక్కడ నీళ్ళు పాడో నేను మైక్రోస్కోపులో వెతుకుతూ కూర్చున్నాను.

నల్లబడ్డ సీసాలు పట్టుకుని మెట్లు దిగి ఏఈ గారి టేబుల్ మీద పెట్టాను. సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు సీసాల వంకే చూశారు. లిస్టు ఎల్లుండి వెళ్ళిపోతుందనీ, అందులో పేరు చేర్చాలంటే మూడు కాలాల రిపోర్టులు అడ్డమనీ అన్నారు. తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చెప్పారు. దారిలో సీసాలు తారుమారయ్యాయని రాయమన్నారు. కండక్టరో ఆటోవాడో పొరపాటు చేశాడంటే ఎవరి మీదా కేసు ఉండదు. మంచితనంతోనే చెప్పారు, నాకు తెలుసు.

"మూడింటి మీదా మీ సంతకాలే కదమ్మా. రెన్యూవల్ వచ్చే నెలలోనే ఉంది, ఆలోచించుకోండి."

ఆలోచించడానికి నేను మేడెక్కలేదు. అక్కడే కూర్చుని రాశాను. ఆ నీళ్ళు ఎక్కడివో నేను చూడలేదనీ, చూడకుండానే తాగడానికి యోగ్యం అని సంతకం పెట్టాననీ, అంకెల్లో తేడా కనపడినా బంధువుల ఊరని ఊరుకున్నాననీ, మిగతా ఊళ్ళ రిపోర్టుల్ని కూడా నమ్మవద్దనీ రాశాను. కాగితం చేతికిస్తే ఏఈ గారు రెండుసార్లు చదివారు. జీపు సంగతి కూడా రాయండమ్మా, అది మీ తప్పు కాదు కదా అన్నారు. అది కూడా రాశాను. ఆయన దాని కింద సంతకం చేసి, టైపు చేసిన లిస్టు చివర పెన్నుతో పిన్ని ఊరి పేరు రాశారు. ఆ చేతిరాత చూసి నేను మొదటిసారి ఏడ్చాను.

ఆ తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఊరికి ట్యాంకరు వచ్చింది, నూతిలో బ్లీచింగు వేశారు, కాలవ మళ్ళించారు. నిధుల సంగతి పరిశీలనలో ఉందట. నా రెన్యూవల్ కూడా పరిశీలనలోనే ఉంది. ఊరూ నేనూ ఒకే ఫైల్లో కూర్చున్నాం.

ఆ వారంలోనే గురువారం విశాఖ వెళ్ళాను. పెద్దాసుపత్రి వరండాలో పిన్ని గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పక్కన చోటు చూపించింది, కూర్చున్నాను. బిడ్డ దక్కలేదని చెప్పింది. ఆడపిల్లట. కోడలికి ఇంక భయం లేదన్నారట డాక్టర్లు. తర్వాత పిన్ని నా వైపు చూడకుండా అడిగింది.

"మడ్డి నీళ్ళు పంపుంటే నువ్వు పట్టేసుండేదానివి కదేటే?"

పట్టేసుండేదాన్నో లేదో, పిన్ని ఊరని వదిలేసేదాన్నో నాకే నమ్మకం లేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ఎండిపోయిన కట్టెలా ఉంది.

లోపలికి వెళ్ళాను. మరదలు దిండుకి ఆనుకుని ఉంది. కళ్ళలో పసుపు ఇంకా తగ్గలేదు. నేను క్షమాపణ చెబుదామని వెళ్ళాను, దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. నేను నోరు విప్పేలోపే ఆమే మెల్లగా మొదలుపెట్టింది, ఎవరి మీదా కోపం లేకుండా, జరిగింది చెబుతున్నట్టు.

"నీళ్ళు మరగబెట్టుకు తాగమని ఆశా అమ్మ సెప్పింది వదినా. నాలుగు నెల్లు మరగబెట్టుకున్నాను. అత్తమ్మ కొత్త కాగితం తెచ్చి గోడకంటించింది. కింద మీ సంతకం ఉంది కదా, ఇంకెందుకులే అని మానేశాను."

ఆ సంతకం నేను ఎలా చేస్తానో గుర్తొచ్చింది. చివర ఒక తోక లాగుతాను, స్టైలుగా. ఆ రిపోర్టు మీద మరీ పొడుగ్గా లాగాను, పిన్ని చూసుకుని మురిసిపోతుందని.

ఆమెకి దాహం వేసింది. వార్డు మూలన నీళ్ళ డబ్బా ఉంది, కుళాయి తిప్పి గ్లాసు నింపి తెచ్చాను. ఆమె గ్లాసు అందుకుని నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ఆ నీళ్ళ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"ఇయి తాగొచ్చా వదినా?"

నా చేతిలో సీసా లేదు, మందు లేదు, కాగితం లేదు. ఆ డబ్బాలో నీళ్ళు ఎక్కడివో, ఎవరు నింపారో, ఎప్పుడు కడిగారో నాకు తెలీదు. ఇన్నేళ్ళూ ఇదే ప్రశ్నకి అవునని రాసి జీతం తీసుకున్నదాన్ని. గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని సగం నేను తాగాను. అది పరీక్ష కాదని నాకు తెలుసు. అయినా అంతకంటే నాకేమీ తోచలేదు. ఎంగిలి గ్లాసు తిరిగి ఆమె చేతికి ఇచ్చాను. ఆమె ఎంగిలి అనలేదు. నా మొహంలోకే చూస్తూ, గుక్క గుక్కకీ ఆగుతూ, మిగతా సగం తాగింది.